మూడో మునక

మా ట్రక్కు తుఫాను షెల్టర్ ముందు ఆగేసరికి సాయంత్రం నాలుగున్నర. సన్నటి జల్లు. తూర్పుగాలి. షెల్టర్‌కూ నీళ్లకూ మధ్య సరుగుడు తోట, దాని వెనక ఇసుక దిబ్బ. దిబ్బ ఎక్కితే సముద్రం. ఊరి పేరు రాయను. మనుషులు మునిగిపోయే ఊరని పేరు పడటం అక్కడి వాళ్లకు ఇష్టం లేదు. ఒంగోలుకు తూర్పున అని మాత్రం చెబుతాను.

అప్పటికి నేను సైన్యంలో సిగ్నల్స్ హవల్దారును. మంచు కొండల్లో తీగలు లాగాను, ఎడారిలో రేడియో మోశాను. మాది మార్కాపురం పక్క పల్లె. పలక గనుల నేల. మా వైపు నీళ్ల మాట వస్తే బోరు ఎన్ని అడుగులకు పడిందనేదే మాట. డ్యూటీ సముద్రం దగ్గర పడిందని ఫోన్‌లో చెబితే నాయన నవ్వాడు.

"ఏందిరా, తాగే నీళ్లు లేని ఊరోడికి తాగరాని నీళ్లకాడ డ్యూటీనా?"

ఆర్డరు ఒక పేజీ. ఒడ్డున ఉన్నవాళ్లకు, నీళ్లలో దిగినవాళ్లకు, వేటకు పోయిన పడవలకు ప్రమాద హెచ్చరిక ఏ పద్ధతిలో చెబితే చేరుతుందో పరీక్షించాలి. గడువు కార్తీక పౌర్ణమి. ఆ రోజు పడమటి మండలాల నుంచి ట్రాక్టర్లు, లారీలు, వ్యాన్లు సముద్ర స్నానానికి వస్తాయి. కిందటి ఏడు పౌర్ణమి నాడు త్రిపురాంతకం వైపు నుంచి వచ్చిన ఒక రైతు అక్కడ కొట్టుకుపోయాడు. ప్రమాద సూచిక ఎర్రజెండాకు పది అడుగుల దూరంలోనే దిగాడు. హెచ్చరికలు బేఖాతరు అని మర్నాడు రాశారు. మా పని మొదలైంది ఆ వార్తతోనే.

దళం చిన్నది. పైన కెప్టెన్. లక్నో మనిషి, తెలుగు రాదు, మాతో హిందీలోనే, మాట తక్కువ. రేడియో ఆపరేటర్, మధురై కుర్రాడు. సముద్ర ప్రవాహాల మీద పరిశోధన చేసే మేడమ్, విశాఖ నుంచి వచ్చారు. మా కోసం అద్దెకు తీసుకున్న ఫైబర్ పడవ, దాని యజమాని. ఆయన్ను అందరం పడవాయన అనేవాళ్లం.

సామగ్రి: చేతి రేడియోలు నాలుగు, బేస్ సెట్టు ఒకటి, చేత్తో తిప్పే సైరన్, రెండు లౌడ్‌స్పీకర్ హారన్లు, ఎర్రజెండాలు, బైనాక్యులర్లు, లైఫ్ జాకెట్లు. మొదటి వారంలోనే ఉప్పుగాలికి రేడియో పిన్నులు పచ్చబడ్డాయి. రోజూ పొద్దున్నే మంచినీళ్లలో తడిపిన గుడ్డతో తుడిచి, ఆరబెట్టి, వాజలిన్ రాసేవాళ్లం. మంచు కొండల్లో బ్యాటరీ చచ్చేది. ఇక్కడ తీగ చచ్చింది.

పడవల సంగతి త్వరగానే తేలింది. ఫోన్ సిగ్నల్ కొంత దూరం పోయాక ఆగిపోతుంది. అవతల రేడియో ఉండాలి. వేటకు పోయినవాళ్లు వినడానికి సిద్ధంగా ఉంటారు. గాలి మారితే వాళ్లే ముందు అడుగుతారు.

"తీరం, తీరం, ఇది పడవ. ఆకాశం ఉత్తరాన నల్లగా ఉంది. ఏమంటారు? ఓవర్."

"పడవ, ఇది తీరం. వెనక్కి రండి. ఓవర్."

"వచ్చేస్తన్నా. టీ పెట్టించండి. ఓవర్."

వాళ్లకు కావలసింది పనిచేసే సెట్టు, రోజూ ఒకే వేళకు ఒకే గొంతు. అది రాశాం. ఒడ్డు సంగతి అట్లా తేలలేదు.

మొదట జెండాలు పరీక్షించాం. తీరం పొడవునా చూస్తే కొన్నిచోట్ల అలలు విరుగుతాయి. నీటి కింద ఇసుక మేట ఉన్నచోట అది. రెండు మేటల మధ్య ఒక సందు ఉంటుంది. ఒడ్డుకు కొట్టిన నీళ్లన్నీ ఆ సందులోంచి వెనక్కి లోపలికి పోతాయి. అక్కడ అలలు విరగవు. పైకి నిమ్మళంగా కనిపిస్తుంది. మనిషిని లాగేది అదే. మేడమ్ ఆ పాయను గుర్తించారు. ఒడ్డున దానికి ఎదురుగా ఎర్రజెండా పాతాం. ఆదివారం. ఉదయం ఏడు గంటలకు పొదిలి నుంచి ఒక వ్యాను వచ్చింది. కిరాణా దుకాణం వాళ్ల కుటుంబం. తీరమంతా ఖాళీగా ఉంది. నేరుగా జెండా దగ్గరికి నడిచి, దాని కింద పట్టా పరిచారు.

నేను వెళ్లాను. "పెద్దాయనా, ఎర్రజెండా కనపడలేదా?"

"కనపడింది కాబట్టే ఇట్ల వచ్చినాం."

"అదెందుకు పాతినారో తెలుసా?"

"ఏంది నాయనా అట్లంటావు? మునిగే చోటు ఇదని చెప్పేదానికి. పాతాళగంగ కాడ కట్టరా? తిరునాళ్లలో కట్టరా?"

"అది ప్రమాదం అని చెప్పే జెండా."

ఆయన నన్ను కిందా మీదా చూశాడు. "ప్రమాదమైతే జెండా ఎవడన్నా కడతాడా? ముళ్లకంప ఏస్తారు గాని."

మా వైపు పాడుబడిన బావి చుట్టూ వేసేది ముళ్లకంపే. జెండా కట్టేది దేవుడికి, తిరునాళ్లకు, పార్టీ మీటింగుకు. రమ్మని చెప్పేదానికి.

ఆయన భార్య అప్పటికే చీర కుచ్చిళ్లు దోపుకుంది. "అయినా చూడు నాయనా, అంతటా అలలు ఎగిరెగిరి పడుతుండాయి. ఈడ చెరువు మాదిరి ఎంత బాగుందో."

వాళ్లను పక్కకు జరిపేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. ఆ ఆదివారం మరో మూడు బండ్లు వచ్చాయి. మూడూ జెండా కిందే ఆగాయి.

తర్వాత లౌడ్‌స్పీకర్. ఆపరేటర్ ఒడ్డున మైకు పట్టుకున్నాడు. నేను నడుం లోతు నీళ్లలో తూర్పు ముఖంగా నిలబడ్డాను. మనవాళ్లు నిలబడేది అట్లాగే. సూర్యుడి వైపు. ఒడ్డుకు వీపు. కళ్లు మూసుకుని మునగడం, లేవడం, మళ్లీ మునగడం. చెవుల్లో నీళ్లు, ఎదురుగా అలల హోరు. వెనక మైకు ఏదో గొణిగింది. ఒక్క మాట తెలియలేదు. బయటికి వచ్చి, ఏం చెప్పావని అడిగాను.

"మీ ఇల్లు తగలబడుతోంది హవల్దార్ సాబ్, త్వరగా రండి అన్నాను."

"నేనేం చేశాను?"

"మూడోసారి మునిగారు."

ఫోన్ సందేశాలు పరీక్షించాం. ఫోన్లన్నీ ఒక సంచిలో ఉంటాయి. సంచి, గుడ్డల మూటలు, చెప్పులు పెట్టుకుని ఒక మనిషి ఒడ్డున కూర్చుంటుంది. ఆరోజు మునగకూడని ఆడమనిషో, మోకాళ్ల నొప్పుల పెద్దాయనో. సందేశం వచ్చి సంచిలో మోగుతుంది. ఆ మనిషి లేచి అరుస్తుంది. మళ్లీ అదే హోరు, అదే వీపు.

నెల తిరగక ముందే కెప్టెన్ ముసాయిదా రాశాడు. చివరి వాక్యం నాకు చదివి వినిపించాడు. ప్రజలు సూచనలను పాటించడం లేదు కనుక పౌర్ణమి నాడు స్నానాలు పూర్తిగా నిషేధించవలెను. పరీక్షలు చేసిన మనిషిగా కింద నా సంతకం కావాలి.

"పెట్టను సార్."

కెప్టెన్ తల ఎత్తాడు. "ఎందుకు?"

"పాటించడం లేదన్నది అబద్ధం. మనం చెప్పింది వాళ్లకు చేరనే లేదు. జెండా పాతి పిలిచింది మనం. వచ్చారని వాళ్లనే తప్పుపడుతున్నాం."

"హవల్దార్, నీ అభిప్రాయం అడగలేదు."

"అడగకపోయినా చెబుతాను సార్. సెట్టు అవతల మనిషికి వినపడకపోతే సిగ్నల్స్‌లో మనం ముందు మన సెట్టే చూసుకుంటాం. అవతలివాడు చెవిటివాడని రాయం. ఈ పని మీరే నాకు నేర్పారు."

మేడమ్ మధ్యలోకి వచ్చారు. "కిందటేడు చనిపోయినాయన కుటుంబాన్ని ఎవరూ కలవలేదు సార్. వాళ్లకేం వినపడిందో, ఏం కనపడిందో మనకు తెలీదు. ఒక్కసారి వెళ్లొస్తాం."

"ఒక్క రోజు," అన్నాడు కెప్టెన్. "చీకటి పడేసరికి జీపు ఇక్కడుండాలి."

పొదిలి, మార్కాపురం మీదుగా వెళ్లాం. మార్కాపురంలో ఆగలేదు. మా ఊరి దారి కుడిచేతి వైపు పోయింది. త్రిపురాంతకం దాటాక ఎర్రమట్టి రోడ్డు. కంది చేలు పూత మీద ఉన్నాయి. ఆ ఇల్లు ఊరి చివర. ఆమె పేరు నాగమ్మ. నలభై దాటి ఉంటుంది. సైనికుడి బట్టలు చూసి గుమ్మంలోనే నిలబడింది. నేను నోరు తెరిచాక లోపలికి రానిచ్చింది.

"మనకాడోడివే గదా నాయనా. కూర్చోండి. మళ్లా ఏం రాసుకునేదానికి వచ్చినారు?"

"ఆ పొద్దు ఏం జరిగిందో వినేదానికి వచ్చినాం అక్కా."

"ఒక్కడన్నా ఈ మాట అడగలేదు సామీ, ఏడాదిగా." ఆమె గోడకు చేరగిలబడి కూర్చుంది. "జెండా చూసే దిగినాం. మైకులో ఏదో అంటానే ఉండారు. పిల్లోడెవడో తప్పిపోయినాడని చెప్తుండారనుకున్నాం. మొగుడూ పెండ్లాలం కొంగుముడి ఏసుకొని పోయినాం. రెండు మునకలైనాయి. మూడోదానికి కళ్లు మూసుకున్నా. ముడి సర్రున జారింది. కళ్లు తెరిస్తే ఆయన లేడు."

మేడమ్ తల దించుకున్నారు.

"తాగి దిగినారంట. పేపర్లో ఏసినారు. ఆ పొద్దు ఉపాసం ఉన్నాడు నాయనా ఆయన. కాఫీ చుక్క ముట్టలేదు. చెప్తే విన్లేదంట. ఎవురు చెప్పినారు? ఏం చెప్పినారు?" ఆమె గొంతు పెరగలేదు. ఇంకా గట్టిపడింది. "ఈ తూరి గూడ వస్తా. మూడోది నాకు బాకీ ఉంది. ఆ చోటనే మునిగి వస్తా."

"భయం లేదా అమ్మా?" అన్నారు మేడమ్.

"దానికి లేదు గదా భయం. నాకెందుకు?"

ఇంటి వెనక వాళ్ల చేలోనే బావి పూడిక తీస్తున్నారు. నాగమ్మ మరిది గట్టు మీద ఉన్నాడు. లోతైన బావి. పైనుంచి చూస్తే అడుగున మనిషి నెత్తి కూడా కంటికి ఆనడం లేదు. పక్క చేలో ఇంజను మోగుతోంది. బావిలోకి దించిన లావుపాటి తాడు, మోకు, ఒక్కసారి కదిలింది. పైనున్న నలుగురూ మట్టిగంప లాగారు. కాసేపటికి మోకు వరసగా మూడుసార్లు కదిలింది. ఎవరూ ఏమీ అనుకోకుండానే లాగారు. ఈసారి మనిషి పైకి వచ్చాడు, ఒళ్లంతా బురద.

"ఇప్పుడు మనిషి వస్తాడని మీకెట్లా తెలుసు?" అని మేడమ్ అడిగారు.

"మోకు చెప్తది గదమ్మా," అన్నాడు మరిది. "ఒకటి గుంజితే గంప. మూడు గుంజితే మనిషి. లోపల ఊపిరాడకపోతే అరిస్తే ఎవుడికి ఇనపడుద్ది?"

మేడమ్ బావి గట్టు మీద అట్లాగే నిలబడిపోయారు. జీపు ఎక్కాక, పొదిలి దాటాక నోరు తెరిచారు. "హవల్దార్ గారూ, బావిలో మనిషికి పైవాళ్లు కనిపించరు. వినిపించరు. వీపు తిప్పి ఉన్నా, కళ్లు మూసుకుని ఉన్నా చేరే కబురు ఇంకేముంది? చెయ్యి. చేతికి చెప్పాలి."

ఆ మోకు పట్టుకుని పెరిగినవాణ్ని. నాకు తట్టలేదు.

"ప్రతి ట్రాక్టర్లోనూ మోకు ఉంటుంది మేడమ్," అన్నాను. "లోడు కట్టేదానికి."

మర్నాటి నుంచి అదే పని. మోకు ఒక కొస ఒడ్డున పాతిన సరుగుడు గుంజకు. రెండో కొస నీళ్లలోకి. మధ్య మధ్య మూతపెట్టిన ఖాళీ డబ్బాలు, తేలడానికి. మునిగేవాళ్లు దాని వెంబడి వరసగా నిలబడి ఒక చెయ్యి వేస్తారు. ఒడ్డున గుంజ దగ్గర వాళ్ల మనిషే ఉంటుంది, సంచి కాపలా మనిషి. మూడు గుంజితే బయటికి రావాలి. అంతే. కొత్తగా నేర్పేది ఏమీ లేదు.

పడవాయన ఒప్పుకోలేదు. "తాడు కాళ్లకు చుట్టుకుంటే? నేను చూశాను. వలతాడు చుట్టుకుని మనుషులు పోయారు."

ఆయన మాట నిజం. మేడమ్ రెండు రోజులు ఆయనతో కూర్చున్నారు. చివరికి తేల్చింది ఇది. మోకు ఎవరూ ఒంటికి కట్టుకోకూడదు. పట్టుకోవడమే. నడుం లోతు దాటకూడదు. మేట మీదే దిగాలి. వదులు ఉండకూడదు, ఒడ్డున బిగించి పట్టాలి. అట్లా అయితే సరే అన్నాడు.

కెప్టెన్ బూట్లు విప్పి స్వయంగా నీళ్లలో దిగాడు. తూర్పుకు తిరిగి కళ్లు మూసుకున్నాడు. ఆపరేటర్ మూడు గుంజాడు. కెప్టెన్ మునకలోంచి లేస్తూనే వెనక్కి తిరిగి బయటికి వచ్చాడు. మళ్లీ వెళ్లాడు. మళ్లీ గుంజాం. ఈసారి సైరన్, మైకు, విజిల్ అన్నీ కలిపి మోగిస్తూ గుంజాం. వచ్చి ఇసుక మీద కూర్చున్నాడు.

"అది పనిచేస్తోంది," అన్నాడు. "తక్కినవేవీ వినపడలేదు."

కానీ అప్పటికే పైనుంచి కాగితం వచ్చింది. నిషేధం. పౌర్ణమికి మూడు రోజుల ముందు అధికారుల సమావేశం. నన్ను రేడియో ఏర్పాట్లు చెప్పడానికి పిలిచారు. నేను మోకు సంగతి చెప్పాను. ఒక అధికారి నవ్వాడు.

"ఏమయ్యా, రేడియోల మనిషివి. తాళ్లు పట్టుకొచ్చావా?"

"మీరు రోడ్డు మూసేస్తే వాళ్లు ఆగరు సార్. పక్క తీరానికి పోతారు. అక్కడ మేము ఉండం, పడవ ఉండదు. ఏడాదంతా చెమట కార్చి, ఒక్క పొద్దు మునిగేదానికి వస్తారు. రావద్దనేదానికి మనమెవరం? రానిచ్చి, బతికి పోయేట్టు చూడటం మన పని."

"ఒక్క మనిషి పోతే ఎవరు జవాబు చెబుతారు?"

"నా పేరు రాసుకోండి."

గదిలో ఎవరో దగ్గారు. కెప్టెన్ కాగితం తన వైపు లాక్కున్నాడు. నా పేరుకు పైన తన పేరు రాశాడు. హిందీలో ఒక్క వాక్యం అన్నాడు. "నా దళంలో మొదటి పేరు నాది." ఇసుక మేట ఉన్న ఒక ముక్క తీరానికి అనుమతి దొరికింది. ఏం జరిగినా ఆ క్షణమే మూసేయాలన్న షరతు మీద.

పౌర్ణమి. తెల్లవారుజామున సముద్రం బరువుగా ఉంది. అల్పపీడనం దూరంగానే ఉందిగాని, దాని అలలు విడతలు విడతలుగా వస్తున్నాయి. కాసేపు నిమ్మళం. ఆ తర్వాత వరసగా నాలుగైదు పెద్దవి. మేడమ్ బైనాక్యులర్లతో షెల్టర్ మేడ మీద. పడవాయన అలలు విరిగే చోటికి అవతల. ఆపరేటర్ గుంజల దగ్గర. ఈసారి పాయకు ఎదురుగా జెండా లేదు. ముళ్లకంప వేశాం. ఒక్కరు కూడా అటు పోలేదు.

ట్రాక్టర్లు వచ్చాయి. మోకులు దించమంటే ఎవరూ ఎందుకని అడగలేదు. మూడు గుంజుల మాట చెబితే నవ్వారు. "బావి పూడిక తీసేదానికి వచ్చినట్టుండాది!" అని ఒకాయన. "నీ పూడిక ఎప్పుడు తీస్తారో చూసుకో ముందు," అని ఆయన వదిన. గిద్దలూరు లారీలో వచ్చిన ముసలామె మోకు మొగుడి నడుముకు కట్టబోయింది. "కట్టొద్దు అవ్వా, పట్టుకోవాల" అంటే, "నలభై ఏండ్లుగా పట్టుకొనే ఉండా, జారిపోతానే ఉండాడు" అంది. నలుగురం కలిసి ఆ ముడి విప్పాం.

నాగమ్మ వాళ్ల ట్రాక్టరు ఆరుంబావుకు వచ్చింది. ఆమె, మరిది, చెల్లెలి కూతురు, ఇంకా ఏడెనిమిది మంది. ఆమె నేరుగా నా దగ్గరికి వచ్చింది.

"ఆయన పోయిన చోటు యాడ?"

ఆ చోటు పాయ అని రికార్డులో ఉంది. రేడియోలో మేడమ్‌ను అడిగాను. జవాబు రావడానికి కాస్త పట్టింది.

"హవల్దార్ గారూ, నిరుటి పాయ పూడిపోయింది. ఏడాదిలో ఇసుక కదిలింది. ఆయన పోయిన చోట ఇప్పుడు మేట ఉంది. పాయ ఉత్తరానికి జరిగింది. ముళ్లకంప ఉన్నచోటు. ఓవర్."

నాగమ్మకు చెప్పాను. ఆమె నీళ్ల వైపు చూసింది.

"పారిపోయిందా అది?"

"పక్కకు జరిగింది అక్కా."

"అదే అంటుండా," అని ఆమె చీర కొంగు నడుముకు బిగించి దిగింది.

వరసలో ఆమె చివర. ఆమెకు ముందు చెల్లెలి కూతురు. గుంజ దగ్గర మరిది భార్య కూర్చుంది, సంచి ఒళ్లో పెట్టుకుని. సూర్యుడు నీళ్ల మీదికి వచ్చాడు. అందరూ అటే తిరిగారు. కళ్లు మూసుకున్నారు. మొదటి మునక. రెండో మునక.

"తీరం, ఇది మేడ. పెద్దవి వస్తున్నాయి. గుంజండి. ఓవర్."

"అందరూ గుంజండి!" అన్నాను.

తీరం పొడవునా మోకులు మూడుసార్లు కదిలాయి. కళ్లు మూసుకున్న మనుషులు, ఏమీ చూడకుండానే, ఏమీ వినకుండానే, తిరిగి బయటికి నడిచారు. గిద్దలూరు ముసలాయన మంత్రం ఆపకుండానే వచ్చాడు. అన్ని వరసలూ కదిలాయి. ఒక్క మోకు చివర మాత్రం కదల్లేదు. నాగమ్మ నిలబడే ఉంది. మూడోది మిగిలింది.

మరిది భార్య మళ్లీ గుంజింది. "అక్కా!" అని అరిచింది. అది ఆమెకు వినపడే దూరం కాదు. చెల్లెలి కూతురు నాలుగడుగులు వచ్చింది. వెనక మోకు కదలడం లేదని తెలిసి ఆగిపోయింది. వెనక్కి తిరిగి పెద్దమ్మ వైపు నడవసాగింది. నేను నీళ్లలోకి పరుగెత్తాను. నా వెనక కెప్టెన్ బూట్లతోనే దిగాడు.

ఆ పిల్ల తన వైపు వస్తుండటం మోకు కదలికలో నాగమ్మకు తెలిసింది. తిరిగి చూసింది. ఆ పిల్లను చూసింది. అంతే. ఆ పిల్ల భుజం పట్టి ముందుకు తోస్తూ బయటికి నడిచింది. తిట్టుకుంటూ నడిచింది. నన్ను, కెప్టెన్‌ను, సముద్రాన్ని, ఎవరినీ వదల్లేదు. మేం ఒడ్డెక్కిన కాసేపటికి మొదటి పెద్ద అల వాళ్లు నిలబడ్డ చోటే విరిగింది. ఆ తర్వాత ఇంకొకటి. నురుగు గుంజల దాకా వచ్చి వెనక్కి పోయింది. ఖాళీ డబ్బాలు మోకు మీద ఎగిరి ఎగిరి పడ్డాయి.

మనుషుల్ని లెక్కపెట్టుకున్నాం. అందరూ ఉన్నారు.

వైర్‌లెస్‌లో, సమావేశంలో నవ్విన అధికారి గొంతు. మూసేయండి, చాలు అని. నాగమ్మ ఇసుక మీద కూర్చోలేదు. కెప్టెన్ ఎదురుగా నిలబడింది.

"నాది ఒకటి మిగిలింది," అంది.

కెప్టెన్‌కు తెలుగు రాదు. నేను తర్జుమా చేయబోయాను. అక్కర్లేదని చెయ్యెత్తాడు. మేడ వైపు చూసి రేడియో తీసుకున్నాడు.

"మేడ, సముద్రం ఎట్లా ఉంది?"

"ఈ విడత అయిపోయింది సార్. కొంతసేపు నిమ్మళం. ఒక్క మనిషయితే, త్వరగా. ఓవర్."

కెప్టెన్ వైర్‌లెస్ కట్టేశాడు. మరిది భార్య చేతిలోంచి మోకు కొస తను తీసుకున్నాడు. బిగించి పట్టి నాగమ్మకు తలూపాడు.

ఆమె ఒక్కతే వెళ్లింది. నడుం లోతు దాకా. మునిగింది. లేచింది.

ఆ తర్వాత కొన్నాళ్లకు నేను సైన్యం వదిలాను. మా వైపు తిరిగి వచ్చాను. నివేదికలో మోకు గురించి ఒక పేరా ఉంచారని, ప్రజలు పాటించడం లేదన్న వాక్యం కెప్టెన్ కొట్టేశాడని విన్నాను. అది పైకి పోయి ఎక్కడ ఆగిందో తెలియదు. ఇప్పుడు మార్కాపురంలో కూర్చుని పత్రికకు వార్తలు రాస్తాను. ఎవరైనా మునిగిపోయారని కబురు వస్తే, హెచ్చరికలు బేఖాతరు అనే మాట నా బల్ల దాటి పోనివ్వను. ఎవరు చెప్పారు, ఏం చెప్పారు, వాళ్లకు చేరిందా అని అడుగుతాను. డెస్కులో వాళ్లు విసుక్కుంటారు. విసుక్కోనీ.

కొండల్లో చూసినవి చాలా మరిచిపోయాను. ఇది మాత్రం పోదు. మూడో మునక నుంచి లేచిన మనిషి. అందరూ సముద్రానికి చేతులు జోడించి వస్తారు. ఆమె జోడించలేదు. ఒక చేతిలో మోకు, రెండో చెయ్యి నడుం మీద. ముఖం సముద్రం వైపే ఉంచి, చూపు దించకుండా, ఒక్కొక్క అడుగే వెనక్కి వేస్తూ ఒడ్డుకు వచ్చింది.